ఎంఐఎస్ పాఠం చేయించి చెప్పొచ్చా? – అపోహలు, వాస్తవాలు

బీకాం కంప్యూటర్స్, బీబీఏ, ఎంబీఏ... వీటిలో ఏ కోర్సులో చేరినా ఎక్కడో ఒకచోట ఈ పేపరు ఎదురవుతుంది. కొన్నిచోట్ల మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అంటారు, ఇంకొన్నిచోట్ల బిజినెస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అంటారు. విద్యార్థులకు మాత్రం అది ‘ఎంఐఎస్’. పరీక్షకు ముందు రెండు రాత్రులు కూర్చుంటే గట్టెక్కొచ్చని పేరుపడ్డ పేపరు. టీపీఎస్, డీఎస్ఎస్, ఈఐఎస్ అంటూ పొడి అక్షరాలు, ఒక పిరమిడ్ బొమ్మ, యూనిట్‌కు నాలుగు నిర్వచనాలు. గైడు చాలు.

ఈ పాఠం చెప్పే మనిషిగా నాకు ఆ పేరు బాధ కలిగిస్తుంది. దుకాణంలోనైనా, ఆసుపత్రిలోనైనా, తహసీల్దారు కార్యాలయంలోనైనా ఏ సమాచారం ఎవరికి ఎప్పుడు చేరాలి, చేరకపోతే ఏమవుతుంది అని నేరుగా అడిగే సబ్జెక్టు ఇది. అలాంటిదాన్ని బట్టీ పట్టించి వదిలేస్తున్నాం. బడి చదువులో అన్ని దశల్లోనూ అనుభవం ద్వారా నేర్పాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పాక, కాలేజీ స్టాఫ్ రూముల్లోనూ ఆ మాట తరచుగా వినపడుతోంది. దాంతోపాటే అపోహలూ వినపడుతున్నాయి. కొన్ని ఈ పద్ధతిని వద్దనేవాళ్లవి, కొన్ని దీన్ని అతిగా నమ్మేవాళ్లవి.

అపోహ: ఎంఐఎస్ అంటే కంప్యూటర్ బేసిక్స్‌కు మరో పేరు.

వాస్తవం: కంప్యూటర్ రంగం వాళ్ల అంతర్జాతీయ సంఘం ఏసీఎం, సమాచార వ్యవస్థల అధ్యాపకుల సంఘం ఏఐఎస్ కలిసి 2010లో డిగ్రీ స్థాయికి నమూనా పాఠ్యప్రణాళిక ఇచ్చాయి. అందులో తొలి కోర్సు సమాచార వ్యవస్థల పునాదుల గురించి. మనుషులు, పని జరిగే పద్ధతి, యంత్రం – ఈ మూడూ కలిస్తేనే వ్యవస్థ అవుతుందన్నది ఈ శాస్త్రానికి మూలం. వర్డ్‌లో ఉత్తరం టైపు చేయడం నేర్పితే ఇందులో మూడో వంతు కూడా చెప్పినట్టు కాదు.

మన పిల్లలకు దీన్ని చెప్పడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసమో, స్కాలర్‌షిప్ కోసమో కుల, ఆదాయ ధ్రువపత్రాలు తీసుకోనివాళ్లు క్లాసులో తక్కువే. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన మీసేవలో సేవలను రెండు రకాలుగా విడదీశారు. పహాణీ, అడంగల్ నకళ్ల లాంటి ‘ఎ’ కేటగిరీ సేవలు కౌంటర్ ముందు నిలబడి ఉండగానే చేతికొస్తాయి. ‘బి’ కేటగిరీలో దరఖాస్తు కార్యాలయానికి వెళ్లాలి, సిబ్బంది విచారించాలి, అధికారి డిజిటల్ సంతకం పెట్టాలి. అందుకు రోజులు పడతాయి. ఈ తేడా ఎందుకు అని క్లాసును అడిగి, జవాబు చెప్పకుండా ఆగితే చాలు. మొదట ‘సర్వర్ స్లో మేడం’ అంటారు. మరికాసేపటికి ఎవరో ఒకరు అసలు సంగతి పట్టుకుంటారు. మొదటి రకంలో ఆ వివరాన్ని ఎవరో ముందే సరిచూసి, సంతకం చేసి డేటాబేస్‌లో ఉంచారు. రెండో రకంలో సరిచూసే పని ఇంకా మిగిలే ఉంది. కంప్యూటర్ వేగం రెండింటికీ ఒకటే.

ఆ తర్వాత తమ దరఖాస్తు ఎవరెవరి చేతుల మీదుగా వెళ్లిందో, ఎక్కడ ఆగిందో చార్టు మీద గీయమంటే, డేటా ఫ్లో డయాగ్రమ్ అన్న మాట చెప్పకముందే డయాగ్రమ్ తయారవుతుంది. గుర్తులు తర్వాత దిద్దుకోవచ్చు.

అపోహ: క్లాసులో ఆటలు కాలక్షేపానికే. గట్టి విషయం చెప్పాలంటే లెక్చరే దారి.

వాస్తవం: దీనికి జవాబుగా ఒకే ఒక ఆటను వివరంగా చెబుతాను. ఈ సబ్జెక్టుకు ఇంతకన్నా మంచి తొలి పాఠం నాకు కనపడలేదు. అమెరికాలోని ఎంఐటీలో జే ఫారెస్టర్ బృందం 1960 ప్రాంతంలో తయారుచేసిన ఈ ఆట పేరు బీర్ గేమ్. పేరులో తప్ప ఎక్కడా బీరు ఉండదు, కంప్యూటరూ అక్కర్లేదు. పాల ప్యాకెట్లు అనుకున్నా, బిస్కెట్ పెట్టెలు అనుకున్నా లెక్క మారదు.

బల్ల చుట్టూ నలుగురు: చిల్లర వ్యాపారి, హోల్‌సేలర్, డిస్ట్రిబ్యూటర్, ఫ్యాక్టరీ. ఒక రౌండు ఒక వారంతో సమానం. ప్రతి వారం కిందివాళ్ల ఆర్డరు చూసి, ఉన్న సరుకు పంపి, తనకు కావాల్సింది చీటీ మీద రాసి పైవాళ్లకు ఇవ్వాలి. మాట్లాడుకోకూడదు. చీటీ చేరడానికీ, సరుకు రావడానికీ వారాల ఆలస్యం ఉంటుంది. గోడౌన్‌లో మిగిలిన ప్రతి పెట్టెకూ వారానికి అర డాలరు ఖర్చు. ఇవ్వలేక బాకీ పడ్డ ప్రతి పెట్టెకూ డాలరు. కొనేవాళ్ల గిరాకీ కార్డుల మీద ముందే రాసి ఉంటుంది. దాన్ని చూసేది చిల్లర వ్యాపారి ఒక్కరే. మొదటి నాలుగు వారాలూ నాలుగేసి పెట్టెలు, ఐదో వారం నుంచి ఎనిమిదేసి. ఆట ముగిసేదాకా అదే ఎనిమిది.

మార్పు ఇంతే. అయినా బల్ల మీద అల్లకల్లోలం మొదలవుతుంది. సరుకు తరిగిపోతోందని చిల్లర వ్యాపారి ఈ వారం కాస్త ఎక్కువ రాస్తాడు. అడిగింది ఇంకా రాలేదని వచ్చే వారం ఇంకా ఎక్కువ రాస్తాడు. ఆ పెరుగుదలే అసలు గిరాకీ అనుకుని హోల్‌సేలర్ తన వంతు కలుపుతాడు. పైకి వెళ్లేకొద్దీ అంకెలు ఉబ్బుతాయి. కొన్ని వారాలు గడిచేసరికి పాత ఆర్డర్ల సరుకంతా ఒకేసారి వచ్చి పడుతుంది. అప్పుడు అందరూ ఆర్డర్లు ఆపేస్తారు. ఫ్యాక్టరీ దగ్గర కొనేవాడు లేని పెట్టెలు పేరుకుపోతాయి. సరఫరా గొలుసులో దీన్నే బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు.

ఎంఐటీ ఆచార్యుడు జాన్ స్టెర్మన్ 1989లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, తెలివిగా ఆర్డర్లు పెడితే ఎంత ఖర్చు కావాలో, జట్లు సగటున దానికి దాదాపు పది రెట్లు ఖర్చు పెట్టాయి. నన్ను అంతకన్నా ఎక్కువ ఆలోచింపజేసేది ఇంకొకటి ఉంది. ఆట అయ్యాక, కొనేవాళ్ల గిరాకీ ఎలా ఉండి ఉంటుందో గీయమంటే చాలామంది పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగే గీత గీశారు. అసలు గిరాకీ ఒక్క మెట్టు ఎక్కి అక్కడే ఉండిపోయింది. ఎగుడుదిగుళ్లన్నీ వాళ్లు రాసిన చీటీల్లోంచి పుట్టినవే.

లెక్చర్‌లో ఇదంతా ఐదు నిమిషాల్లో చెప్పొచ్చు. విద్యార్థి రాసుకుంటాడు, ఒప్పుకుంటాడు, తానైతే అలా చేయనని అనుకుంటాడు. ఆడినవాళ్లకు అలా అనుకునే వీల్లేదు. వాళ్ల చేతిరాతతో ఉన్న చీటీలు ఎదురుగానే ఉంటాయి.

మర్నాడు రెండోసారి ఆడించండి. ఈసారి గిరాకీ అంకెను ప్రతి వారం బోర్డు మీద అందరికీ కనపడేలా రాయండి. ఊగిసలాట తగ్గుతుంది. వాల్‌మార్ట్ తన అమ్మకాల వివరాలను 1990ల్లో రిటైల్ లింక్ అనే వ్యవస్థ ద్వారా సరఫరాదారుల ముందు ఎందుకు పెట్టిందో అప్పుడు వివరించనవసరం లేదు. అయితే ఊగిసలాట పూర్తిగా పోదు. ఆలస్యాలు అలాగే ఉన్నాయి. పైగా దారిలో ఉన్న సరుకును లెక్కలోకి తీసుకోకపోవడం మనుషుల అలవాటని స్టెర్మన్ చూపించాడు. సమాచారం చేతికిచ్చినంత మాత్రాన నిర్ణయం బాగుపడదన్న సంగతిని మొదటి సెమిస్టర్‌లోనే, స్వయంగా, తెలుసుకున్న విద్యార్థి ఆ తర్వాత డ్యాష్‌బోర్డు చూసినా, ఈఆర్‌పీ రిపోర్టు చూసినా వేరే కంటితో చూస్తాడు.

అపోహ: మంచి ల్యాబ్, ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉన్న కాలేజీలకే ఇవన్నీ సాధ్యం.

వాస్తవం: ఉంటే మంచిదే. కెనడాలోని హెచ్‌ఈసీ మాంట్రియల్ అధ్యాపకులు తయారుచేసిన ఈఆర్‌పీసిమ్‌లో విద్యార్థి జట్లు నిజమైన శాప్ సాఫ్ట్‌వేర్ మీదే కంపెనీలు నడుపుతాయి. పొద్దుటి పూట తినే ముయెస్లీ తయారుచేసి అమ్మే కంపెనీ అందులో బాగా పేరున్నది. ముడిసరుకు కొనాలి, ఉత్పత్తి ప్రణాళిక వేయాలి, ధర పెట్టాలి. గడియారం ఆగదు. రిపోర్టు తీసి చదివేలోపు పోటీ జట్టు ధర మార్చేస్తుంది. కొనుగోలు విభాగం చేసిన తప్పు అమ్మకాల విభాగాన్ని ఎలా దెబ్బతీస్తుందో పుస్తకంలో చదవడం వేరు, పక్క కుర్చీలో కూర్చున్నవాడి మీద కోపం రావడం వేరు.

అది లేదని ఆగిపోనక్కర్లేదు. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ బెల్, ఆయన సహచరులు 1990లలో మొదలుపెట్టిన సీఎస్ అన్‌ప్లగ్డ్ చూడండి. కార్డులతో, నేల మీద గీసిన గీతలతో కంప్యూటర్ సైన్స్ మూలసూత్రాలు నేర్పుతారు, కంప్యూటర్ ముట్టుకోకుండానే.

డేటాబేస్ పాఠానికి నేను మూడు కాగితాలు వాడతాను: హాస్టల్ మెస్ బిల్లుల పట్టీ, గదుల కేటాయింపు జాబితా, లైబ్రరీ బాకీల జాబితా. మూడూ నేను కల్పించినవే. ఒకే విద్యార్థి మూడింట్లోనూ ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒట్టి పొడి అక్షరం. ఫోన్ నంబరు రెండుచోట్ల ఒకటి, మూడోచోట వేరు. ‘మెస్ బాకీ ఉండి, లైబ్రరీ పుస్తకం కూడా ఇవ్వనివాళ్లకు ఈ సాయంత్రం ఫోన్ చేయాలి, జాబితా తీయండి’ అంటాను. పావుగంటలో గొడవ మొదలవుతుంది: ఈ ముగ్గురూ ఒకరేనా, ముగ్గురా? ఏ నంబరు సరైనది? ఇంటిపేరు ముందు రాసుకునే మనకు ఈ చిక్కు కొత్త కాదు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ గడులున్న ప్రతి ఫారం దగ్గరా, పాస్‌పోర్టు దరఖాస్తు దగ్గరా, అమెరికా కాలేజీ అడ్మిషన్ దగ్గరా తెలుగువాళ్లు ఆగి ఆలోచిస్తారు. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా, దాని వెనకే వచ్చిన నార్మలైజేషన్, ప్రైమరీ కీ – ఇవన్నీ ఏ అవసరం కోసం పుట్టాయో ఆ గొడవలోనే తెలిసిపోతుంది. హాల్‌టికెట్ నంబరు రాసి ఉంటే బాగుండేదని వాళ్లే అంటారు.

అపోహ: విన్నది 20 శాతం, చూసింది 30 శాతం, చేసింది 90 శాతం గుర్తుంటుంది.

వాస్తవం: ఇది మా పక్షంవాళ్ల అపోహ కాబట్టి దీన్ని వదలకూడదు. అధ్యాపకుల శిక్షణ తరగతుల్లో ఈ అంకెల పిరమిడ్ తెర మీద పడుతూనే ఉంటుంది. అమెరికా విద్యావేత్త ఎడ్గర్ డేల్ 1946లో తన పుస్తకంలో అనుభవాల శంకువు అనే బొమ్మ గీశాడు. అందులో అంకెలే లేవు. ఎవరో తర్వాత తగిలించిన ఆ గుండ్రటి శాతాల వెనక నమ్మదగిన ప్రయోగం ఏదీ లేదు.

మన వాదనకు దొంగ అంకెలు అక్కర్లేదు, నిజమైనవే ఉన్నాయి. స్కాట్ ఫ్రీమన్, ఆయన సహచరులు 225 అధ్యయనాలను కలిపి విశ్లేషించి 2014లో ప్రచురించారు. లెక్చర్ మాత్రమే ఉన్న క్లాసుల్లో సగటున 33.8 శాతం విద్యార్థులు ఫెయిలయితే, విద్యార్థి చేత ఏదో ఒకటి చేయించిన క్లాసుల్లో 21.8 శాతం మందే ఫెయిలయ్యారు. ఆ అధ్యయనాలు సైన్స్, ఇంజనీరింగ్, గణితం కోర్సులవి. ఎంఐఎస్‌కూ అచ్చంగా అదే అంకె వర్తిస్తుందని నేను అనను. ఏ దిశగా నడవాలో చెప్పడానికి మాత్రం అది చాలు.

అపోహ: ఆట మొదలుపెట్టి వదిలేస్తే పిల్లలే నేర్చుకుంటారు, అధ్యాపకులకు విశ్రాంతి.

వాస్తవం: ఈ పద్ధతికి అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసేది ఇదే. అనుభవాలన్నీ సమానంగా చదువు చెప్పవని జాన్ డ్యూయీ 1938లోనే రాశాడు. డేవిడ్ కోల్బ్ 1984లో చెప్పిన చక్రంలో అనుభవం నాలుగు దశల్లో ఒకటి. దాని గురించి ఆలోచించడం, దాంట్లోంచి సూత్రం తీయడం, ఆ సూత్రాన్ని మళ్లీ పరీక్షించడం మిగతా మూడు. కొత్తగా నేర్చుకునేవాళ్లను దారి చూపకుండా వదిలేస్తే సరిగా నేర్చుకోరని కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో గట్టిగా వాదించారు. ఆ వ్యాసాన్ని అనుభవాత్మక బోధనకు వ్యతిరేకమని తోసిపుచ్చేవాళ్లున్నారు. నేను దాన్ని హెచ్చరికగానే తీసుకుంటాను.

ఆట గంటన్నర నడిస్తే చర్చకు కనీసం గంట ఉండాలి. నలుగురి ఆర్డర్లనూ ఒకే గ్రాఫు మీద, నాలుగు రంగుల్లో గీయించాలి. ముందు ఏం జరిగిందో మాత్రమే చెప్పించాలి. ఎందుకు జరిగిందన్నది తర్వాతి మాట. ఫ్యాక్టరీవాళ్లు డిస్ట్రిబ్యూటర్‌ను తిడతారు, డిస్ట్రిబ్యూటర్ హోల్‌సేలర్‌ను, అందరూ కలిసి చివరికి కొనేవాళ్లను. అందరి మాటలూ అయ్యాకే గిరాకీ కార్డులు తిప్పి చూపించాలి. ముందే చూపిస్తే పాఠం పోయినట్టే. ఆ తర్వాత ‘ఇలాంటిది ఇంకెక్కడ చూశారు’ అని అడగాలి. కోవిడ్ రోజుల్లో మందుల షాపుల ముందు క్యూలు ఎవరో ఒకరు తప్పక గుర్తు చేస్తారు.

ఈ చర్చను తెలుగులో జరగనివ్వండి. ఇంగ్లిష్‌లో అడిగితే తలవంచుకునే తెలుగు మీడియం విద్యార్థులు, ఊళ్లో కిరాణా కొట్టు నడిపే ఇళ్లనుంచి వచ్చినవాళ్లు, స్టాకు గురించి పుస్తకంలో లేని సంగతులు చెబుతారు. సాంకేతిక పదాలు ఎలాగూ ఇంగ్లిష్‌వే. ఆలోచన మాత్రం వాళ్ల భాషలో రావాలి.

అపోహ: ఎక్సెల్ పనులు గుమాస్తా పనులు, వాటిలో ఆలోచించేదేమీ లేదు.

వాస్తవం: కార్మెన్ రీన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ అనే పేరున్న ఆర్థికవేత్తలు 2010లో రాసిన పత్రం, ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల వృద్ధి సగటున మైనస్ 0.1 శాతమని చెప్పింది. పొదుపు చర్యలను సమర్థించిన రాజకీయ నాయకులు దాన్ని ఉదాహరించారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్‌హెర్స్ట్‌లో చదువుతున్న థామస్ హెర్న్‌డన్‌కు క్లాసులో ఇచ్చిన పని ఏదైనా ప్రచురిత పత్రం ఫలితాలను తిరిగి రాబట్టడం. అతను ఈ పత్రం ఎంచుకున్నాడు. ఎంత చేసినా అంకెలు కలవలేదు. రచయితలు పంపిన స్ప్రెడ్‌షీట్ తెరిచి చూస్తే సగటు ఫార్ములా ఐదు దేశాల వరుసలను వదిలేసింది. కొన్ని సంవత్సరాల వివరాలు కలపకపోవడం, దేశాలకు ఇచ్చిన తూకం అంతకన్నా పెద్ద తేడాలు తెచ్చాయి. 2013లో అతనూ, అతని ఇద్దరు అధ్యాపకులూ లెక్క సరిచేస్తే ఆ వృద్ధి 2.2 శాతం అయింది. అదంతా ఒక అసైన్‌మెంట్‌గా మొదలైంది!

2020 సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు సకాలంలో లెక్కకెక్కలేదు. వివరాలు నింపిన పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైలు 65,536 వరుసలకు మించి పట్టదు. ఆ కేసుల్లోవాళ్లను కలిసినవారిని వెతికే పని ఆలస్యమైంది. ఈ రెండు ఉదంతాలూ చెప్పి, తప్పు దాచిన ఒక షీటు చేతికిస్తే, క్లాసు ఎక్సెల్‌ను చూసే తీరు మారుతుంది. ఫార్ములా రాయడం కన్నా ఇంకొకరి ఫార్ములాను అనుమానించడం మంచి అభ్యాసం.

అపోహ: విద్యార్థులకు క్లాసు నచ్చిందంటే నేర్చుకున్నట్టే.

వాస్తవం: హార్వర్డ్‌లో తొలి ఏడాది స్థాయి భౌతికశాస్త్ర తరగతులపై లూయీ డెలొరియే, సహచరులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో, స్వయంగా లెక్కలు చేస్తూ నేర్చుకున్నవాళ్లకు పరీక్షలో ఎక్కువ మార్కులొచ్చాయి. కానీ తామే తక్కువ నేర్చుకున్నామని వాళ్లు అనుకున్నారు. చక్కటి లెక్చర్ విన్నవాళ్లకు అంతా అర్థమైపోయినట్టు అనిపించింది. తడబడుతూ చేసేటప్పుడు కలిగే ఇబ్బందిని విద్యార్థి తన అసమర్థత అనుకుంటాడు. అందుకే మొదటి వారంలోనే ఈ సంగతి చెప్పేయాలి. సెమిస్టర్ చివరి ఫీడ్‌బ్యాక్ ఫారంలో రెండు మార్కులు తగ్గాయని ఈ పద్ధతి వదిలేయకూడదు.

అపోహ: 60 మంది క్లాసులో కుదరదు, సిలబస్ పూర్తికాదు.

వాస్తవం: బీర్ గేమ్‌లో ఒక్కో స్థానంలో ఇద్దరిని కూర్చోబెడితే ఒక గొలుసుకు ఎనిమిది మంది. 60 మందికి ఎనిమిది గొలుసులు మించవు. బల్లలు జరపడానికి పది నిమిషాలు చాలు. ఐదు యూనిట్లలో ప్రతి దానికీ ఆట అక్కర్లేదు. ఈ-కామర్స్ రకాలు, హార్డ్‌వేర్ భాగాల లాంటివి చదువుకుని వస్తే సరిపోతుంది. అక్కడ మిగిల్చిన పీరియడ్లను ఇక్కడ ఖర్చుపెట్టొచ్చు.

అపోహ: ఇలాంటివాటికి మార్కులు ఎలా వేస్తాం?

వాస్తవం: గెలుపు ఓటములకు మాత్రం వేయకూడదు. తక్కువ ఖర్చుతో ముగించిన జట్టు కొన్నిసార్లు అదృష్టంతోనే గెలుస్తుంది. ఆడేటప్పుడు నాలుగు వారాలకోసారి ‘ఈ అంకె ఎందుకు రాశాను’ అని ఒక్క వాక్యం రాయించి, ఆట అయ్యాక అందులో ఏ ఊహ తప్పిందో వాళ్లచేతే గుర్తింపజేయాలి. ఇంటర్నల్ మార్కులు ఆ కాగితానికే. రాత పరీక్షలో నిర్వచనం అడగడం మానేసి ఇలా అడగొచ్చు: ‘ఐదు శాఖలున్న మందుల దుకాణంలో జ్వరాల సీజన్‌లో అమ్మకాలు కొద్దిగా పెరిగాయి, కంపెనీకి పెట్టే ఆర్డర్లు మూడు రెట్లయ్యాయి. కారణం ఏమై ఉండొచ్చు? ఏ రిపోర్టు, ఎవరికి, ఏ రోజు అందాలి? ఆ రిపోర్టు అందినా తీరకుండా మిగిలే సమస్య ఏమిటి?’ పది మార్కుల ప్రశ్న అయితే కారణానికి మూడు, రిపోర్టుకు మూడు, చివరిదానికి నాలుగు.